రెండో ప్రతి ఎక్కడ?

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఆ దేశ ప్రభుత్వ సమాచార కేంద్రం ఉంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి అక్కడ లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. అవి ఆరేసరికి 96 ప్రభుత్వ వ్యవస్థలు కాలిపోయాయి. వాటిలో జీ-డ్రైవ్ ఒకటి. ప్రభుత్వోద్యోగులు పని కాగితాలు దాచుకునే క్లౌడ్ అది. ఆఫీసు కంప్యూటర్లలో ఏమీ ఉంచవద్దు, అన్నీ ఇందులోనే పెట్టండి అని ప్రభుత్వం కొన్నేళ్లుగా చెబుతూ వచ్చింది. మనిషికి 30 జీబీ చొప్పున చోటు కేటాయించింది. మొత్తం 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. నిల్వ మరీ పెద్దది కావడంతో వేరేచోట బ్యాకప్ పెట్టడం సాధ్యపడలేదని అధికారులు వివరణ ఇచ్చారు. ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాలు చూసే శాఖ, అన్నీ జీ-డ్రైవ్‌లోనే పెట్టాలన్న ఆదేశాన్ని అక్షరాలా పాటించింది. అందరికంటే ఎక్కువగా నష్టపోయింది ఆ శాఖే.

చెప్పిన మాట విన్నవాళ్లే ఎక్కువ నష్టపోయారన్న ఈ విషయం నన్ను వెంటాడుతోంది. ఎందుకంటే అలాంటి మాట నేనూ ఒకరికి చెప్పాను.

మా అక్క ఫోన్‌లో మనవడి అన్నప్రాశన ఫొటోలు ఉండేవి. ఫోన్ నిండిపోయిందని మాటిమాటికీ హెచ్చరిక వస్తుంటే నాకు ఫోన్ చేసింది. 'బ్యాకప్ ఆన్‌లోనే ఉంది, అన్నీ పైన ఉంటాయి, నువ్వేం భయపడకు' అన్నాను. పైన ఉన్నాయి కదా అని కింద ఉన్నవన్నీ తీసేసింది. కొన్ని నెలల తర్వాత కొత్త ఫోన్ కొని, అదే ఖాతాతో తెరిస్తే ఆ ఏడాది మొత్తం ఖాళీ. రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని వెతికాను. కింద తీసేస్తే పైనా పోతుందని ఆమెకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

మన ఇళ్లలో క్లౌడ్‌ను 'పైన' అంటాం. పైన ఉన్నదానికి చేటు రాదని మన నమ్మకం. అటక మీద పెట్టిన ఇత్తడి బిందె పదేళ్ల తర్వాత దించినా అక్కడే ఉంటుంది. క్లౌడ్ అటక లాంటిది కాదు. అందులో సింక్ అనే ఏర్పాటు ఒకటి నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని. ఇక్కడ చేరిస్తే అక్కడా చేరుతుంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. అద్దం ముందు నిలబడి బొట్టు చెరుపుకుంటే అద్దంలో బొట్టు మిగలదు. బ్యాకప్ చేయాల్సిన పని వేరు. ఇవాళ్టి పొరపాటు నిన్నటి రూపాన్ని తాకకుండా కాపాడాలి. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం అలవాటై, మొదటిది ఉంటే రెండోదీ ఉన్నట్టే అనుకుంటున్నాం.

అసలు సింక్ ఎందుకు పుట్టిందో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. డ్రూ హ్యూస్టన్ అనే కుర్రాడు బోస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే బస్సెక్కాక పెన్‌డ్రైవ్ మరచిపోయానని గుర్తించాడు. ఆ చిరాకులోంచి 2007లో డ్రాప్‌బాక్స్ పుట్టింది. ఎక్కడ కూర్చున్నా నా ఫైలు నా ముందుండాలన్నది అతని కోరిక. అందుబాటు కోసం పుట్టిన ఏర్పాటు అది. దాని మీద భద్రత భారం కూడా మోపింది మనం.

గూగుల్ ఫొటోస్‌లో ఒక ఫొటోను డిలీట్ చేస్తే ఫోన్ నుంచీ క్లౌడ్ నుంచీ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో అయితే 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. ఆపిల్ ఐక్లౌడ్‌లో ఆ గడువు సుమారు 30 రోజులు. ఫోన్‌లోంచి మాత్రమే తీసేసి పైన ఉంచే 'ఫ్రీ అప్ స్పేస్' అనే ఏర్పాటు గూగుల్ ఫొటోస్‌లో విడిగా ఉంది. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. పైగా పోయిందని తెలిసేది సాధారణంగా పుట్టినరోజుకో సంవత్సరీకానికో పాత ఫొటో వెతికినప్పుడే. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. కంప్యూటర్‌లోనూ ఇంతే. విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు వన్‌డ్రైవ్‌కు ముడిపడి ఉంటే, కొన్ని ఫైళ్ల పేర్ల పక్కన చిన్న మబ్బు గుర్తు కనిపిస్తుంది. పేరు ఇక్కడుంది, ఫైలు ఇక్కడ లేదు అని దాని అర్థం. నెట్ పోయిన రోజు అది తెరుచుకోదు.

అన్నీ క్లౌడ్‌కే వదిలేసే ఈ అలవాటు మనకు మనమై చేసుకున్నది కాదు. 2015 మేలో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు, కాస్త నాణ్యత తగ్గించిన ఫొటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకోవచ్చన్నారు. ఆరేళ్లు దాచుకున్నాం. ఆ ఆరేళ్లలోనే మన దగ్గర డేటా చవకైంది, ప్రతి చేతిలోకీ కెమెరా వచ్చింది, ఫొటోలు కడిగించే అలవాటు పోయింది. 2021 జూన్ 1న ఆ ఉచితం ముగిసింది. అప్పటి నుంచి కొత్త ఫొటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీలో సర్దుకోవాలి. తర్వాత ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వచ్చింది. ఆ చోటు నిండితే ఫొటోలు ఎక్కకపోవడంతో ఆగదు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. 'గుడ్ మార్నింగ్' వీడియోల బరువు వల్ల ఉద్యోగం కబురు వెనక్కి పోవచ్చన్నమాట. నెలకు కొంత కట్టి చోటు పెంచుకోవడంలో తప్పు లేదు. సేవ చేసినవాడు సొమ్ము అడుగుతాడు. అయితే ఆ చందా ఏ వయసు వరకు కట్టాలి, కట్టడం ఆగిన రోజున ఏమవుతుంది అన్నది ముందే తెలిసి ఉండాలి.

ఇక తాళంచెవి సంగతి. బీరువా తాళం మన మొలనో కొంగునో ఉండేది. క్లౌడ్ ఖాతా తాళం చాలామందికి మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీ. రీఛార్జి లేక నంబరు మూతపడితే కనీసం 90 రోజులు ఆగి దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. అమెరికాలో చదువుతున్న పిల్లల ఇండియా నంబరుకు ఇక్కడి అమ్మానాన్నలు నెలనెలా రీఛార్జి చేయించేది ఇందుకే. ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దల నంబరు గురించి అంత శ్రద్ధ ఎవరు తీసుకుంటున్నారు? భర్త పోయాక ఆయన ఫోన్‌కు రీఛార్జి ఎందుకని ఆపేసిన ఇంట్లో, ఆ నంబరుతో ముడిపడిన ఖాతా తలుపు కూడా మూసుకుపోతుంది. అంతే కాదు, రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది.

తాళం మన చేతిలో ఉన్నా తలుపు వేసేయగలిగేది అవతలివాడే. 2021లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, బిడ్డకు ఒంట్లో బాగాలేక డాక్టరుకు చూపించడానికి ఫొటోలు తీశాడు. గూగుల్ యంత్రం వాటిని పిల్లలపై లైంగిక నేరంగా అనుమానించి ఖాతా మూసేసింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చినా ఖాతా తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి దాచిన ఉత్తరాలు, ఫొటోలు, చివరికి ఫోన్ నంబరు కూడా పోయాయి. నేరాలను పట్టడానికి అలాంటి నిఘా అవసరమే, అందులో నాకు సందేహం లేదు. నిర్దోషి అని తేలిన తర్వాత కూడా తన మాట వినే మనిషి ఒక్కరూ దొరకకపోవడమే ఇక్కడి అన్యాయం.

పెద్ద సంస్థలకూ ఈ బాధ తప్పలేదు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల నేపథ్యంలో, గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. డబ్బు కట్టి కొన్న సేవలవి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్ది రోజులకు సేవలు తిరిగొచ్చాయి. హైకోర్టుకు వెళ్లే స్తోమత మా అక్కకు లేదు, మీ ఇంట్లో వాళ్లకూ ఉండకపోవచ్చు. అదే ఆస్ట్రేలియా పింఛన్ నిధి యూనిసూపర్ కథ చూడండి. 2024 మేలో గూగుల్ క్లౌడ్‌లో జరిగిన అమరిక పొరపాటు వల్ల ఆ సంస్థ ప్రైవేట్ క్లౌడ్ తుడిచిపెట్టుకుపోయింది. అందులో రెండు చోట్ల ఉంచిన నకళ్లు కూడా దానితోపాటే పోయాయి. ఆరు లక్షల మందికి పైగా సభ్యుల లెక్కలు మళ్లీ నిలబడడానికి తోడ్పడింది వేరే కంపెనీ దగ్గర ఉంచిన బ్యాకప్.

అలాగని క్లౌడ్ వద్దనే వాదన నాది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తినప్పుడు బీరువాల్లోని పెళ్లి ఆల్బమ్‌లు, సర్టిఫికెట్లు నీళ్లలో నానాయి. కాగితం ఒక్కటే నమ్ముకుంటే జరిగేది అది. ఆ విషయంలో కేంద్ర ప్రభుత్వ డిజిలాకర్ నిర్మాణం ఆలోచించి చేసిందని ఒప్పుకోవాలి. సంస్థలు జారీ చేసే పత్రాలు అందులో నకళ్లుగా పోగుపడవు, జారీ చేసిన శాఖ రికార్డు నుంచే వస్తాయి. మూలం ఒకచోట, దారి ఒకచోట. మన కుటుంబ ఫొటోలకు అలాంటి మూల రికార్డు ఏ శాఖలోనూ లేదు. వాటికి మూలం మనమే.

తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. పోతన భాగవతంలో కొంత భాగం శిథిలమైపోతే గంగన, సింగన, నారయ పూరించారని చెబుతారు. ఆ భాగాలకు మరో చోట మరో తాటాకు ప్రతి ఉండి ఉంటే ఇవాళ మనం పోతన పద్యాలే చదువుకునేవాళ్లం. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ ప్రతులు ఒకదానితో ఒకటి సరిపోలేవి కావు. ఒక లేఖకుడు వదిలేసిన పాదం ఇంకొకరి ప్రతిలో దొరికేది. ప్రతులు వేర్వేరు చేతుల్లో, వేర్వేరు ఊళ్లలో, ఒకదానితో ఒకటి ముడిపడకుండా ఉండబట్టే తప్పును పట్టడం సాధ్యమైంది. సింక్‌లో అన్ని ప్రతులూ క్షణాల్లో ఒకేలా అయిపోతాయి. తప్పు కూడా అంతే వేగంగా అన్నింటిలోకీ పాకుతుంది, పోల్చి చూడడానికి తేడా ఉన్న ప్రతి మిగలదు.

అందుకే సింక్‌కు ముడిపడని ప్రతి ఒకటి ఇంట్లో ఉండాలి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇదే చెబుతుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో. గూగుల్ ఖాతాలో ఉన్నదంతా దించుకోవడానికి 'టేకౌట్' అనే సదుపాయం 2011 నుంచి ఉంది. ఏటా భోగికి ముందు ఇల్లు దులిపే రోజుల్లో ఒక పూట కేటాయించి ఆ ఏటి ఫొటోలు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి తీగ పీకేయాలి. తీగ పీకేయడం ముఖ్యం. హార్డ్ డిస్క్ కూడా చెడిపోతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చాలి. ఓ యాభై మంచి ఫొటోలు కాగితం మీద వేయించాలి. ఖాతా యజమాని పోతే ఎవరికి అందాలో రాసి పెట్టే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి, ఆపిల్‌లో 2021 చివరి నుంచి ఉంది. బ్యాంకులో నామినీ పేరు రాసినంత మామూలుగా అక్కడా రాయాలి.

ఇంటివాళ్ల జాగ్రత్తతో సరిపెట్టి చేతులు దులుపుకోవడం మాత్రం ప్రభుత్వానికి తగదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మరణానంతరం మన హక్కులు వాడే వ్యక్తిని నామినేట్ చేసే హక్కు ఉంది. మంచిదే. కానీ 2019 బిల్లులో ఉన్న ఇంకో హక్కు 2023 చట్టంలో లేదు. మన సమాచారాన్ని వాడుకోదగ్గ రూపంలో తీసుకుని ఇంకొక కంపెనీకి మారే హక్కు అది. ఐరోపా సమాచార రక్షణ చట్టం 20వ అధికరణంలో దాన్ని ఇచ్చింది. టేకౌట్ లాంటివి ఇవాళ కంపెనీ ఇష్టపడి ఇస్తున్నవి, రేపు ఇవ్వనంటే అడగడానికి మన చట్టంలో ఆధారం లేదు. ఆ హక్కును తిరిగి చేర్చాలి. ఖాతా మూసే ముందు నకలు తీసుకోవడానికి గడువు ఇవ్వాలని, అభ్యంతరం చెప్పుకుంటే మనిషే చదివి తెలుగులో జవాబివ్వాలని నిబంధన పెట్టాలి. ఈ మాట గట్టిగా అడగడానికి తెలుగు రాష్ట్రాలకు ఇప్పుడు సందర్భం కూడా ఉంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. మన నేల, మన కరెంటు, మన నీరు తీసుకునే వాళ్లను మన సమాచారానికి జవాబుదారీ చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మా అక్క మనవడి ఫొటోలు నాలుగు దొరికాయి. ఆ రోజు వియ్యపురాలు తన పాత ఫోన్‌లో తీసుకున్నవి అవి. ఆ ఫోన్ ఏ క్లౌడ్‌కూ ముడిపడి లేదు, స్క్రీన్ పగిలి సొరుగులో పడి ఉంది. బజారులో బాగు చేయించి, ఛార్జింగ్ పెట్టి తెరిచాం. ఒకదాంట్లో వాడు పాయసం గిన్నె వదిలేసి పుస్తకం పట్టుకున్నాడు. నాలుగింటినీ మూడేసి ప్రతులు వేయించాం. అక్క దగ్గర ఒకటి, వియ్యపురాలి దగ్గర ఒకటి, మూడోది నా బీరువాలో.