డిసెంబరు కోత, చదువుల ఖాతా

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో కుట్టుమిషన్ ముందు కూర్చునే మహిళలకు జీతం చీటీలో రెండు కోతలు బాగా తెలుసు. ఒకటి పీఎఫ్, రెండోది ఈఎస్ఐ. మూడోది ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు జీతంలో కనిపిస్తుంది. ఎల్‌డబ్ల్యూఎఫ్ అన్న పొడి అక్షరాల పక్కన కొన్నేళ్లపాటు 20 రూపాయలు ఉండేది. 2025 సంవత్సరం నుంచి దాన్ని 50 చేశారు. ఇది ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. అంత చిన్న మొత్తం కోసం సూపర్‌వైజర్‌తో ఎవరు పేచీ పెట్టుకుంటారు? అడిగితే మాత్రం తెలిసేది చిన్న సంగతి కాదు. ఆ డబ్బు వెళ్లే ఖాతా నుంచే, ఇటీవలి నిబంధనల ప్రకారం, ఆమె కూతురు డిగ్రీ చదువుతుంటే ఏడాదికి 10,000 రూపాయలు, ఇంజినీరింగో వైద్యవిద్యో చదువుతుంటే 20,000 రూపాయలు రావచ్చు.

ఎల్‌డబ్ల్యూఎఫ్ అంటే కార్మిక సంక్షేమ నిధి. కర్ణాటకలో దీనికి 1965 నుంచీ చట్టం ఉంది. ఉద్యోగి ఒక వంతు ఇస్తే యాజమాన్యం రెండు వంతులు, ప్రభుత్వం ఒక వంతు కలపాలి. ఇప్పటి లెక్కలో 50, 100, 50. యజమాని తన వాటాను తిప్పి తిప్పి కార్మికుడి జీతంలోంచే రాబట్టుకోవడానికి వీల్లేదు. వైద్య సాయం, అంత్యక్రియల ఖర్చు లాంటివీ ఈ నిధి నుంచే ఇస్తారు గానీ, కార్మికుల ఇళ్లకు అక్కరకొచ్చేది ముఖ్యంగా పిల్లల చదువుల సాయం.

ఇలాంటి చట్టాలకు మూలం 1953 నాటి బొంబాయి కార్మిక సంక్షేమ నిధి చట్టం. తర్వాత తమిళనాడు 1972లో, కేరళ 1975లో, ఆంధ్రప్రదేశ్ 1987లో తమ తమ చట్టాలు చేసుకున్నాయి. బీహార్, రాజస్థాన్ లాంటి రాష్ట్రాలు ఆ జోలికే పోలేదు. రేట్లు చూస్తే నవ్వు రాక మానదు. దేశ రాజధానిలో ఉద్యోగి వాటా ఆరు నెలలకు 75 పైసల దగ్గర, యజమాని వాటా 2 రూపాయల 25 పైసల దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ముప్పావలా ఎక్కడా చెల్లని కాలంలో కూడా దాన్ని కోసి, లెక్క రాసి, జమ చేసి రసీదు తీసుకోవాల్సి వచ్చింది. మహారాష్ట్ర 2024లో ఆరు నెలలకు 12 రూపాయలుగా ఉన్న ఉద్యోగి వాటాను 25కు, 36గా ఉన్న యజమాని వాటాను 75కు పెంచింది. తెలుగు రాష్ట్రాల ముచ్చట ఇంకా చిత్రం. చట్టం ఒకటే, పుట్టుక ఒకటే. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగి వాటా ఏడాదికి 30, యజమానిది 70. తెలంగాణలో చాలాకాలం 2, 5 రూపాయలే.

కోత ఎంత చిన్నదైతే కార్మికుడికి అంత మేలు కదా అనిపించవచ్చు. లెక్క అలా నడవదు. యజమాని ఎంత ఇవ్వాలన్నది ఉద్యోగి వాటాతో ముడిపడి ఉన్నచోట, కార్మికుడి 2 రూపాయలను కాపాడటం పేరుతో నిజంగా కాపాడేది యజమాని జేబునే. వసూలే లేని నిధి నుంచి కాలేజీ ఫీజులు ఎక్కడ పుడతాయి? తెలుగు రాష్ట్రాల్లో స్కాలర్‌షిప్ అనగానే వై.ఎస్. రాజశేఖర రెడ్డి హయాం నాటి ఫీజు రీయింబర్స్‌మెంటే అందరికీ గుర్తుకు రావడానికి, సంక్షేమ మండలి పేరు ఎవరి నోటా వినిపించకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే 2016 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోవాలి. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదని ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు వస్త్ర కర్మాగారాల నుంచి వేలాది మహిళలు రోడ్ల మీదికి వచ్చారు. పెద్ద యూనియన్ల పిలుపు లేదు, ముందు నడిచిన నాయకుడు లేడు. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు స్తంభించాయి. బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి. 19వ తేదీనే కేంద్రం నిబంధనను వెనక్కి తీసుకుంది. పిల్ల ఫీజుకో, పెళ్లికో, ఊళ్లో అప్పుకో ఆ డబ్బే ఆధారమని నమ్మిన వాళ్ల ముందు ఢిల్లీ రెండు రోజులు కూడా నిలవలేకపోయింది.

తమ డబ్బు ఏదో తెలిస్తే ఆ మహిళలు ఎంతదూరం వెళ్తారో ఆ రెండు రోజులు చూపించాయి. పీఎఫ్‌కు ఒక నంబరు ఉంది, ఎవరి ఖాతా వారిది, ఎంత ఉందో చూసుకోవచ్చు. సంక్షేమ నిధిలో అలాంటిదేమీ లేదు. అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది. కావలసినవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. పైగా కర్ణాటకలో చదువుల సాయానికి పెట్టిన పేరు ‘ప్రోత్సాహ ధనం’. ఆ మాట వింటే ఎవరో దయతలచి ఇస్తున్నట్టే ఉంటుంది తప్ప, కట్టినవాళ్లే తీసుకుంటున్నట్టు ఉండదు.

ఈ డబ్బు ఎవరిదన్న తగవు కొత్తదేమీ కాదు. బొంబాయి చట్టం రాసినప్పుడు నిధికి మరో రెండు ఆదాయాలు చూపించారు. మొదటిది కార్మికుల మీద వేసిన జరిమానాలు. రెండోది ఎవరూ వచ్చి తీసుకోని జీతాలు, బోనసులు. మిల్లు మానేసి ఊరికి పోయినవాళ్లవి, చనిపోయినవాళ్లవి, బకాయి ఉందని కూడా తెలియనివాళ్లవి. బాంబే డయింగ్ కంపెనీ దీని మీద కోర్టుకెక్కింది. 1957లో సుప్రీంకోర్టు జరిమానాల సంగతిని సమర్థించి, చెల్లించని జీతాల నిబంధనను మాత్రం కొట్టేసింది. అసలు హక్కుదారు తర్వాత వచ్చి అడిగే దారి చట్టంలో లేదన్నది కోర్టు పట్టుకున్న లోపాల్లో ఒకటి. ప్రకటన ఇచ్చి, మనిషి వస్తే చెల్లించి, రాకపోతేనే నిధికి మళ్లించేలా ఆ తర్వాత చట్టాన్ని సవరించారు. అంటే ఇవాళ ఒక విద్యార్థి చేతికి అందే స్కాలర్‌షిప్‌లో ఎప్పుడో పని మానేసి వెళ్లిపోయిన, ముఖం కూడా తెలియని ఓ కార్మికుడి కూలి కూడా కలిసి ఉండవచ్చు.

పొరుగు దేశాలు వేరే దారి పట్టాయి. పాకిస్తాన్‌లో 1971 నాటి కార్మిక సంక్షేమ నిధి ఆర్డినెన్స్ కింద నిర్ణీత పరిమితి దాటిన సంస్థ ఆదాయంలో 2 శాతం కట్టాలి. కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఆ డబ్బుతోనే. బంగ్లాదేశ్‌లో 2006 నాటి కార్మిక చట్టం నికర లాభంలో 5 శాతాన్ని కార్మికులకు కేటాయించి, అందులో పదో వంతును సంక్షేమ ఫౌండేషన్‌కు పంపమంది. అక్కడ చందా లాభం మీద, ఇక్కడ తల మీద. లాభం రెట్టింపైనా ఇక్కడి యజమాని కట్టేది తలకు 100 రూపాయలే. పొరుగున అమలు గొప్పగా ఉందని కాదు, సూత్రం మాత్రం అక్కడే న్యాయంగా ఉంది.

కర్ణాటక పద్ధతిలోనూ మెచ్చదగ్గది ఒకటుంది. కోత జీతంతో నిమిత్తం లేకుండా పడుతుంది, సాయం మాత్రం నెలకు 35,000 రూపాయల లోపు జీతం ఉన్నవారి పిల్లలకే. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న తెలుగు ఇంజినీరు కట్టే 50 రూపాయలు, ఫ్యాక్టరీలో దారపు పోగులు ఊడ్చే మనిషి కొడుకు ఫీజులోకి వెళ్లవచ్చు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదన్నది వేరే విషయం.

మిగతా షరతుల దగ్గరే చిక్కు. ముందటి పరీక్షలో 50 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకైతే 45. ఇంట్లో ఒక్కరికే. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ చదువుతుంటే ఎవరో ఒకరు తప్పుకోవాలి. ఆ తప్పుకునేది ఎక్కువ ఇళ్లల్లో ఎవరో చెప్పాల్సిన పని లేదు. కోత కూడా డిసెంబరు 31న హాజరు పట్టీలో పేరు ఉన్నవారి లెక్కన జరుగుతుంది. ఆ లోపే కాంట్రాక్టరు మారిపోతే, కొత్తవాడు ఇంకా పేరు ఎక్కించకపోతే, ఏడాదంతా అదే మిషన్ మీద పనిచేసిన మనిషి ఆ పట్టీలోనే ఉండదు.

డబ్బు వచ్చే వేళ ఇంకో తంటా. కాలేజీ ఫీజు జూన్, ఆగస్టుల మధ్య కట్టాలి. 2023-24, 2024-25 విద్యా సంవత్సరాల్లో దరఖాస్తుల గడువే డిసెంబరు, జనవరిల దాకా సాగింది. ఆ తర్వాత పరిశీలన, ఆ తర్వాత బ్యాంకు. ఫీజు కోసం జూన్‌లో తెచ్చిన అప్పుకు నెల నెలా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. స్కాలర్‌షిప్ చదివించడానికి కాకుండా వడ్డీ తీర్చడానికి పనికొస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

వసూలు చేయడం తెలిసి ఖర్చు చేయడం తెలియని నిధులు మన దేశంలో మరికొన్ని ఉన్నాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టాల కింద వసూలైన సెస్సు గురించి 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ఇది: వచ్చింది 37,400 కోట్ల రూపాయలకు పైగా, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు. ఆ సెస్సు కట్టేది కట్టడాల యజమానులు. ఇక్కడ కట్టేవాళ్లలో కుట్టుమిషన్ తొక్కే మనిషి కూడా ఉంది కాబట్టి లెక్క అడిగే హక్కు ఆమెకు ఇంకాస్త ఎక్కువ.

దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్. మార్కుల జాబితా, ఆధార్, బ్యాంకు ఖాతా, జీతం వివరాలు అన్నీ పెట్టాక ఇంకో మెట్టు మిగులుతుంది. ఈమె మా ఉద్యోగే, జీతం ఇంతే అని కర్మాగారం తన లాగిన్ నుంచి ధ్రువీకరించాలి. డిసెంబరులో 50 రూపాయలు కోసేటప్పుడు ఎవరూ ఆమె సంతకం అడగరు. కూతురి ఫీజుకు మాత్రం, షిఫ్టు మధ్యలో మిషన్ వదిలి, హెచ్‌ఆర్ గది బయట ఆమే నిలబడాలి. గడువు తేదీ దాకా ఆ బటన్ ఎవరు నొక్కుతారా అని చూస్తూ.