పళ్ల డాక్టర్ కోర్సు చదువుతున్నారు సరే.. మరి రాత్రి పూట బ్రష్ చేస్తున్నారా?

రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి.. ఒక్కోసారి రెండు నిమిషాలు చేయండి.. ఈ మాట మనకు చెప్పేది పళ్ల డాక్టర్. మరి ఆ మాట చెప్పడం నేర్చుకుంటున్న డెంటల్ స్టూడెంట్ హాస్టల్ గదిలో అదే పని చేస్తున్నాడా? వినడానికి సరదా ప్రశ్నలా ఉంది కానీ, దీని మీద దాదాపు మూడున్నర దశాబ్దాలుగా ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు జరుగుతున్నాయి. జపాన్, ఫిన్లాండ్ నుంచి మన దేశంలోని డెంటల్ కాలేజీల దాకా విద్యార్థులను కూర్చోబెట్టి ఇదే అడిగారు. వచ్చిన సమాధానాలు కాస్త ఆలోచించాల్సినవే. ఎందుకంటే అవి ఆ స్టూడెంట్స్ గురించి మాత్రమే కాదు, రోజూ ఫోన్‌లో హెల్త్ వీడియోలు చూసి కూడా అలవాటు మార్చుకోని మన గురించి కూడా చెబుతున్నాయి.

20 ప్రశ్నలు.. అన్నిటికీ అవునా, కాదా

ఈ పరిశోధనల్లో ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు హెచ్‌యూ-డీబీఐ. జపాన్‌లోని హిరోషిమా యూనివర్సిటీలో పనిచేసిన మకోటో కవమురా 1988లో దీన్ని తయారు చేశారు. ఇందులో మొత్తం 20 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి అవును లేదా కాదు అని చెప్పాలి, అంతే. స్కోరులో లెక్కకు వచ్చేవి 12 మాత్రమే. అంటే ఫుల్ మార్కులు 12.

ఏం అడుగుతారంటే.. బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా? ఒక్కో పన్నునూ జాగ్రత్తగా తోముతారా? తోమాక అద్దంలో చూసుకుంటారా? నొప్పి వచ్చేదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా వాయిదా వేస్తారా? ఇలాంటివి. చూడటానికి చాలా మామూలు ప్రశ్నలే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పళ్ల మీద తెల్లగా, జిగటగా ఏదో అంటుకుని ఉండటం గమనించారా అనే దానికి అవును అంటేనే మార్కు వస్తుంది. అదేంటి, పాచి ఉందని ఒప్పుకుంటే మార్కు ఇవ్వడమేంటి అనుకోవచ్చు. అసలు పాయింటే అది. పాచి అందరి పళ్ల మీదా చేరుతుంది. దాన్ని చూడగలిగినవాడే శుభ్రం చేసుకోగలడు. నా పళ్ల మీద ఏమీ లేదు అనేవాడు చాలా సందర్భాల్లో అద్దంలో సరిగ్గా చూసుకోనివాడే.

ఇంకో ప్రశ్న కూడా చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. టూత్‌పేస్ట్ లేకుండా పళ్లు బాగా శుభ్రం చేసుకోగలరా? అవును అంటే మార్కు. పాచిని తీసేది నురగ కాదు, బ్రష్ కుచ్చు కదలిక. పేస్ట్ వల్ల వచ్చే పెద్ద లాభం అందులోని ఫ్లోరైడ్, అది పన్ను పుచ్చిపోకుండా కాపాడుతుంది. ఈ తేడా తెలిసినవాడు పేస్ట్ మానేయడు, కానీ నోరంతా నురగ వచ్చింది కాబట్టి పని అయిపోయిందని కూడా అనుకోడు. యాడ్స్‌లో చూపించినట్టు బ్రష్ పొడవునా పేస్ట్ పరిచే మనకు ఇది కాస్త మింగుడుపడని విషయమే.

ఫస్టియర్‌కీ ఫైనల్ ఇయర్‌కీ తేడా ఎక్కడ?

ఎన్నో దేశాల్లో జరిగిన ఈ సర్వేల్లో మళ్లీ మళ్లీ కనిపించే విషయం ఒకటుంది. కోర్సులో కొత్తగా చేరినవాళ్ల స్కోరు కంటే పేషెంట్లను చూడటం మొదలుపెట్టిన సీనియర్ల స్కోరు మెరుగ్గా ఉంటోంది. చదువు పెరిగింది కాబట్టి అలవాటు మారింది అని తేలిగ్గా చెప్పేయొచ్చు. కానీ ఏ చదువు? ఇక్కడ మన బీడీఎస్ సిలబస్ ఒకసారి చూడాలి.

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఫస్టియర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైనంతో పళ్ల ఆకారాలు చెక్కడం. సెకండియర్‌లో ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ, డెంటల్ మెటీరియల్స్. పేషెంట్ కుర్చీ పక్కన నిలబడేది థర్డ్ ఇయర్ నుంచి. ఇక చిగుళ్ల వైద్యం, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ లాంటి సబ్జెక్టుల పరీక్షలు ఫైనల్ ఇయర్‌లో. అంటే పళ్లు ఎలా తోముకోవాలి, జనానికి ఎలా నేర్పాలి అనేది ఓ సబ్జెక్టుగా పూర్తిస్థాయిలో ముందుకొచ్చేది కోర్సు చివర్లో. మొదటి రెండేళ్లు పన్ను అనేది పుస్తకంలో బొమ్మ, చేతిలో మైనం ముక్క. తన నోట్లో ఉన్న పన్నుతో దానికి సంబంధం పెద్దగా ఉండదు.

థర్డ్ ఇయర్‌లో సీన్ మారుతుంది. ఓపీలో కూర్చుంటే వరసగా వచ్చేది గార కట్టిన పళ్లు, గుట్కా మరకలు, వాచిన చిగుళ్లు, ముప్పై ఐదు నలభై ఏళ్లకే కదిలిపోతున్న పళ్లు. చాలా కాలేజీల్లో స్టూడెంట్స్ మొదటిసారి క్లీనింగ్ ప్రాక్టీస్ చేసేది తోటి స్టూడెంట్ నోట్లోనే. క్లాస్‌మేట్ అద్దం పెట్టి చూసి, నీకూ వెనక గార ఉంది రా అన్నాక ఆ రాత్రి బ్రష్ పట్టుకోవడం వేరుగా ఉంటుంది. లెక్చర్ చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.

బ్రష్ పక్కన పెట్టేసిన స్టూడెంట్స్

ఇక్కడ 1965 నాటి ఓ ప్రయోగం గురించి చెప్పుకోవాలి. డెంటల్ కోర్సులో దీన్ని చదవకుండా బయటికి రావడం కష్టం. డెన్మార్క్‌లోని ఆర్‌హుస్‌లో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన టీమ్ 12 మందిని తీసుకున్నారు. అందరివీ ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లే. వాళ్లలో 9 మంది ఫస్టియర్ డెంటల్ స్టూడెంట్స్, మిగిలిన వాళ్లు ఒక టీచర్, ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్లు. వాళ్లకు చెప్పింది ఒక్కటే.. పళ్లు తోమడం ఆపేయండి.

ఏమైంది? 10 నుంచి 21 రోజుల్లోపు 12 మందికీ చిగుళ్లు వాచాయి. ఒక్కరు కూడా తప్పించుకోలేదు. పళ్ల మీద పేరుకున్న పాచిలో బ్యాక్టీరియా రకాలు కూడా రోజురోజుకూ మారుతూ వచ్చాయి. తర్వాత మళ్లీ తోమడం మొదలుపెట్టమన్నారు. వారం రోజులు అటూ ఇటుగా చిగుళ్లు మామూలుగా అయిపోయాయి. చిగుళ్ల వాపుకు కారణం పాచి అని ఇంత నేరుగా మనుషుల మీద చూపించిన ప్రయోగం అదే. అంతకుముందు దీని మీద రకరకాల వాదనలు నడిచేవి.

ఈ ప్రయోగంలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, డెంటల్ స్టూడెంట్ అయినంత మాత్రాన చిగుళ్లు ఊరుకోవు. రెండు, రెండు మూడు వారాల నిర్లక్ష్యం చాలు. పరీక్షల ముందు స్టడీ హాలిడేస్ ఎన్ని రోజులు ఉంటాయో లెక్కేసుకోండి. రాత్రి రెండింటి దాకా చదువు, మధ్యలో టీ, బిస్కెట్లు, చిప్స్, పుస్తకం మీదే నిద్ర. ఆ రోజుల్లో రాత్రి బ్రష్ గుర్తుకు రావడం కష్టమే. పుస్తకంలో హెరాల్డ్ లో ప్రయోగం చదువుతూనే తెలియకుండా అదే ప్రయోగం తన మీద తాను చేసుకుంటున్నట్టు లెక్క.

ఉదయం ఓకే.. రాత్రి ఎందుకు కాదు?

మన ఇళ్లలో పొద్దున్నే పళ్లు తోమకుండా ఉండటం చాలా అరుదు. పాచి నోటితో కాఫీ తాగితే అమ్మమ్మ ఊరుకోదు. పందుంపుల్ల అయినా, పళ్లపొడి అయినా, బ్రష్ అయినా పొద్దున పని పొద్దున అయిపోవాల్సిందే. కానీ అది ప్రధానంగా శుచికి సంబంధించిన అలవాటు. తోమనిదే ఏదీ ముట్టుకోకూడదు అన్న పట్టింపు. రాత్రి తోమమని చెప్పే పట్టింపు మనకు లేదు. అన్నం తిన్నాక నోరు పుక్కిలిస్తే సరిపోయేది.

వైద్యం లెక్కలో చూస్తే రాత్రి బ్రషింగే ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పళ్లకు అదే సహజ రక్షణ. అది తగ్గిన టైమ్‌లో పళ్ల సందుల్లో తీపి, పిండి పదార్థాలు ఉంటే బ్యాక్టీరియాకు రాత్రంతా పండగే. డెంటల్ స్టూడెంట్స్ కూడా ఇవే ఇళ్ల నుంచి వస్తారు కదా. నీట్ రాసి సీటు తెచ్చుకున్నంత మాత్రాన పద్దెనిమిదేళ్ల అలవాటు అడ్మిషన్ రోజున మారిపోదు. గట్టిగా రుద్దితేనే శుభ్రం అయినట్టు అనే నమ్మకం కూడా అలా ఇంటి నుంచి వచ్చేదే. హెచ్‌యూ-డీబీఐలో దాని మీద ఒక ప్రశ్న కూడా ఉంది. నిజానికి గట్టి కుచ్చుతో బలంగా రుద్దితే చిగురు కిందికి జారిపోతుంది, పన్ను మెడ దగ్గర అరుగుతుంది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది.

జపాన్, ఫిన్లాండ్ డెంటల్ స్టూడెంట్స్‌ను పోల్చిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. ఫిన్లాండ్ వాళ్ల అలవాట్లు మెరుగ్గా కనిపించాయి. కోర్సులో చేరే నాటికే సంస్కృతిలో, ఆరోగ్య విద్యలో ఉన్న తేడాలు ఇందులో కనిపిస్తున్నాయని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఫిన్లాండ్‌లో పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా పంటి వైద్యం అందిస్తుంది. నొప్పి లేకపోయినా డాక్టర్‌ను కలవడం అక్కడ చిన్నప్పటి నుంచే మామూలు విషయం. మన దగ్గర రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద స్కూళ్లలో చేసే పరీక్షల్లో పంటి సమస్యలూ ఉన్నాయి. అయితే చాలా కుటుంబాలకు పళ్ల డాక్టర్ గుర్తొచ్చేది రాత్రి నిద్రపట్టని నొప్పి వచ్చినప్పుడే.

ఈ స్కోర్లను ఎంతవరకు నమ్మొచ్చు?

పూర్తిగా నమ్మలేం. ఎందుకంటే ఇదంతా స్టూడెంట్స్ తమ గురించి తాము చెప్పుకున్నదే. ఫైనల్ ఇయర్‌కు వచ్చినవాడికి ఏది సరైన ఆన్సరో తెలుసు. ప్రశ్నలు అడుగుతున్నది తన కాలేజీ ప్రొఫెసరే అయితే, రాత్రి బ్రష్ చేయను సార్ అని టిక్ పెట్టడానికి చేయి వస్తుందా? కాబట్టి సీనియర్ల స్కోరులో కొంత భాగం అలవాటు, కొంత భాగం సిలబస్ అనుకోవాలి. పైగా ఎక్కువ సర్వేలు ఒకే రోజు ఫస్టియర్ వాళ్లనీ, ఫైనల్ ఇయర్ వాళ్లనీ అడిగి పోలుస్తాయి. అదే స్టూడెంట్‌ను నాలుగేళ్లు వెంబడించి చూసేవి తక్కువ. నోరు తెరిపించి పాచిని కొలిచిన చోటే అసలు లెక్క తెలిసేది.

అయినా సరే, ఈ స్కోర్లను కొట్టిపారేయడం కుదరదు. సరైన ఆన్సర్ తెలిసి కూడా నొప్పి వచ్చేదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లను అని టిక్ పెట్టేవాళ్లు ఈ సర్వేల్లో కనిపిస్తూనే ఉన్నారు. మెట్లు దిగితే కాలేజీ ఓపీ. అక్కడికే వెళ్లని వాళ్లు కాబోయే డాక్టర్లు.

పేషెంట్‌కు వచ్చే నష్టం ఏంటి?

నోటి జబ్బులతో ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. ఇందులో చాలా భాగం ముందే ఆపగలిగేది. ఆపాలంటే డ్రిల్లింగ్ మెషీన్ కంటే ముందు పనికొచ్చేది డాక్టర్ చెప్పే ఐదు నిమిషాల మాట. ఆ ఐదు నిమిషాలు ఎవరు కేటాయిస్తారు? తన నోట్లో మార్పు చూసుకున్న డాక్టర్‌కు ఆ మాట చెప్పడానికి ఓపిక ఉంటుంది. బ్రష్‌ను 45 డిగ్రీల కోణంలో చిగురు అంచున పెట్టండి అని పుస్తకం నుంచి అప్పజెప్పే డాక్టర్‌కూ, వెనక దంతాల దగ్గర నాకూ మొదట్లో అందేది కాదు, ఇలా తిప్పి చూడండి అనే డాక్టర్‌కూ తేడా పేషెంట్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

మార్పుకు ఇది సరైన టైమ్ కూడా. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ స్థానంలో పార్లమెంట్ 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. డెంటల్ విద్య కోసం ప్రత్యేక బోర్డు, కోర్సు చివర్లో ఎగ్జిట్ టెస్ట్ ఆ చట్టంలో ఉన్నాయి. కానీ ఎగ్జిట్ టెస్ట్ ఏం కొలుస్తుంది? ఏం తెలుసో కొలుస్తుంది. రాత్రి పదకొండింటికి ఏం చేస్తారో కొలవదు. సిలబస్ తిరగరాసేటప్పుడు చూడాల్సింది వరస. ఫైనల్ ఇయర్‌లో పెట్టిన పాఠంలో కొంత భాగాన్ని ఫస్టియర్ మొదటి నెలకు తేవడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త మెషీన్ అక్కర్లేదు.

దానికి కావాల్సిన సరుకు ఏ డెంటల్ కాలేజీలోనైనా దొరుకుతుంది. పాచికి అంటుకునే రంగు ఒకటి ఉంది, మాత్రగానో ద్రవంగానో వస్తుంది. నమిలి పుక్కిలిస్తే శుభ్రంగా ఉన్న చోట రంగు పోతుంది, పాచి ఉన్న చోట ఎర్రగానో గులాబీగానో నిలిచిపోతుంది. మీరు ఎప్పుడైనా ఇది వాడారా అనేది కూడా హెచ్‌యూ-డీబీఐలో ఒక ప్రశ్న, అవును అంటే మార్కు. చేరిన మొదటి వారంలోనే ప్రతి స్టూడెంట్‌కు ఈ రంగు వేసి, ఫోన్‌తో ఫొటో తీసి, ఆర్నెల్లకోసారి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. దీనికి మార్కులు వేయకూడదు. వేస్తే పరీక్ష రోజు మాత్రమే తోముకొస్తారు.

రీల్స్ చూసే మనకూ ఇదే వర్తిస్తుంది. బ్రషింగ్ ఎలా చేయాలో చూపించే వీడియోలకు కొదవ లేదు. లైక్ కొడతాం, ఇంట్లోవాళ్లకు ఫార్వర్డ్ చేస్తాం. మూడేళ్లు పళ్ల గురించే చదివినవాడిని కదిలించలేనిది, ముప్పై సెకన్ల వీడియో మనల్ని కదిలిస్తుందా? రంగు మాత్ర గురించి ఈసారి డెంటల్ క్లినిక్‌కు వెళ్లినప్పుడు అడగండి. అది లేకపోయినా ఇవాళ రాత్రి బ్రష్ చేశాక ఫోన్ టార్చ్ వేసి, అద్దంలో కింది ముందు పళ్ల లోపలి వైపు చూడండి. లాలాజల గ్రంథుల ద్వారాలు అక్కడికి దగ్గర కావడంతో గార తొందరగా కట్టేది అక్కడే. చాలామంది బ్రష్ అసలు వెళ్లని చోటు కూడా అదే. బ్రష్ చేసినప్పుడల్లా రక్తం కనిపిస్తుంటే తోమడం ఆపకండి. మెత్తటి కుచ్చుతో కొనసాగించండి. వారం పది రోజుల్లో తగ్గకపోతే నొప్పి కోసం ఎదురుచూడకుండా డాక్టర్‌ను కలవండి.