కౌమారానికి కావలసిన చదువు

గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరబోయే చోట, నది ఒడ్డున యానాం ఉన్నది. వైశాల్యం ముప్పై చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పుకొన్నారు. 1954లో వారి పాలన ముగిసింది. నేడిది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఈ ఊరికి ‘కల్యాణపురం’ అనే మరొక పేరు కూడా ఉన్నది. పేరు వినసొంపైనదే కాని, దాని వెనుక ఉన్న చరిత్ర అంత సొంపైనది కాదు.

1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. దానిని ప్రతిపాదించిన హర్‌బిలాస్ శారదా పేరు మీద జనం దానిని ‘శారదా చట్టం’ అన్నారు. బాలికకు 14, బాలుడికి 18 సంవత్సరాలు నిండకుండా పెళ్ళి చేయడం నేరమైంది. చట్టం 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆమోదానికీ అమలుకూ నడుమ దొరికిన ఆరు నెలల వ్యవధిలో దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు ముమ్మరంగా జరిగాయి. 1931 జనాభా లెక్కలలో బాలవధువుల సంఖ్య పెరిగి కనిపించింది. ఆ గడువు కూడా దాటిపోయిన తరువాత గోదావరి మండలంవారికి ఒక ఉపాయం తోచింది. యానాం ఫ్రెంచివారిది. అక్కడ శారదా చట్టం చెల్లదు. హిందువుల వివాహాచారాలలో ఫ్రెంచి ప్రభుత్వం జోక్యం చేసుకోదు. ఇంకేమి? పెళ్ళివారు ఎల్లదాటి వచ్చి, యానాంలో పిల్లలకు పెళ్ళి చేసి, తిరిగి స్వగ్రామాలకు వెళ్ళిపోయేవారు. ఊరు కల్యాణపురమైంది.

ఆ తల్లిదండ్రులను క్రూరులని తీసిపారేయడం తేలిక. వారు తమ బిడ్డలను ప్రేమించనివారు కారు. ఆడపిల్ల రజస్వల కాకముందే కన్యాదానం చేయకపోతే పాపమని వారు నమ్మారు. లోకులు వెలివేస్తారని భయపడ్డారు. పన్నెండేళ్ళ పిల్ల శరీరం ప్రసవానికి సిద్ధంగా ఉండదన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. చట్టం వారి భయాన్ని తీసివేయలేదు, మరొక భయాన్ని మాత్రం చేర్చింది. రెండు భయాలలో పాతదే పెద్దది కావడంతో వారు కొత్తదాని నుండి తప్పుకొనే దారి వెతుక్కొన్నారు.

ఇదే గోదావరి తీరాన, యానానికి ఎంతో దూరం లేని రాజమహేంద్రవరంలో, శారదా చట్టానికి అర్ధశతాబ్దం ముందే కందుకూరి వీరేశలింగం ఈ సంగతి గ్రహించాడు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టాడు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాడు. వితంతువులలో ఎందరో పసితనంలో పెళ్ళయి, కాపురమంటే ఏమిటో తెలియకముందే భర్తను పోగొట్టుకొన్నవారు. ఆయన వాదించి, ఉపన్యసించి, పత్రిక నడిపి ఊరుకోలేదు. స్త్రీలు తమ శరీరం గురించి తెలుసుకోవాలని ‘దేహారోగ్య ధర్మబోధిని’ కూడా రాశాడు. సంస్కర్తగా ఆయనకు వచ్చిన పేరులో ఈ చిన్న పుస్తకానికి రావలసిన వాటా రాలేదు.

వివాహ వయస్సు తరువాత పెరుగుతూ వచ్చింది. 1949లో బాలికలకు 15 ఏళ్ళయింది. 1978 నుండి అమ్మాయికి 18, అబ్బాయికి 21. 2006లో మరింత గట్టి చట్టం వచ్చింది. అయినా 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్ధెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయినవారు. 15–19 ఏళ్ళ బాలికలలో నూటికి 12 మందికి మించి అప్పటికే తల్లులో గర్భవతులో అయి ఉన్నారు. అదే సర్వేలో పుదుచ్చేరిలో బాల్యవివాహాలు ఏడు శాతం లోపే. ఆ లెక్క కేంద్రపాలిత ప్రాంతం మొత్తానిది, యానాం ఒక్కదానిది కాదు. అయినా ఒకప్పుడు పెళ్ళిళ్ళకు పరుగెత్తిన ఎల్లకు ఇవతలా అవతలా లెక్కలు ఇలా తారుమారు కావడం ఆలోచించదగినది. నేడు రెండు వైపులా ఉన్నది ఒకే చట్టం. కనుక తేడాకు కారణం చట్టం కాదు.

గోదావరి జిల్లాలలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాటింపు వేసినంత పని చేస్తారు. పీటమీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి తినిపిస్తారు. పేరంటాళ్ళు వస్తారు, పాటలు పాడతారు. ఊరంతటికీ తెలిసిన ఆ సంగతి ఏమిటో ఆ పిల్లకు మాత్రం ఎవరూ వివరించరు. ఎక్కడ కూర్చోకూడదో, ఏమి ముట్టుకోకూడదో చెబుతారు. నెలసరి ఎందుకు వస్తుంది, శుభ్రత ఎలా పాటించాలి, నొప్పి ఎంతవరకు సహజం, ఎప్పుడు వైద్యురాలిని చూడాలి అన్నవి చెప్పరు. చిమ్మిలి మంచి ఆహారమే. కాని ఆ పలకరింపు కొద్దిరోజులతో సరి. దేశంలో 15–19 ఏళ్ళ బాలికలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అటువంటి శరీరానికి గర్భభారం తోడైతే తల్లికీ బిడ్డకూ ప్రాణగండం.

మగపిల్లల సంగతి మరీ ఉపేక్షకు గురైంది. గొంతు మారినప్పుడు నవ్వేవారే కాని, కారణం చెప్పేవారు లేరు. స్వప్నస్ఖలనం సహజమని తెలియక కుమిలిపోయే బాలురు ఎందరో. వారి అజ్ఞానం మీద బస్టాండు గోడల ప్రకటనలూ లాడ్జి వైద్యులూ బ్రతుకుతున్నారు. మిగిలిన ‘విజ్ఞానం’ చేతిలోని సెల్‌ఫోన్ అందిస్తుంది. అందులో గౌరవం లేదు, బాధ్యత లేదు, సత్యం అంతకన్నా లేదు.

లైంగిక విజ్ఞానం నేర్పితే పిల్లలు చెడిపోతారని కొందరు వాదిస్తారు. 2007లో కొన్ని రాష్ట్రాలు ఈ కారణంతోనే కౌమార విద్యా కార్యక్రమాన్ని పాఠశాలలలోకి రానివ్వలేదు. వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే. కాని యునెస్కో అనేక దేశాల అనుభవాలను పరిశీలించి, అటువంటి విద్య వల్ల పిల్లలు తొందరపడరని, అది జాగ్రత్తను పెంచుతుందని తేల్చింది. అసలు ప్రశ్న పిల్లలకు తెలియాలా వద్దా అన్నది కాదు; ఏదో ఒక విధంగా తెలియకమానదు. ఎవరి నోట తెలియాలన్నదే ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆసుపత్రులలో కౌమార వయస్కులకు ప్రత్యేక సలహా కేంద్రాలు ఏర్పడ్డాయి. కాని ఆ గది తలుపు తట్టడానికి పిల్లలకు ధైర్యం కావాలి. ఆ ధైర్యం తరగతి గదిలో రావాలి. పాఠశాల జీవశాస్త్ర పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉన్నది. ‘ఇంటివద్ద చదువుకోండి’ అని దానిని దాటవేసే అలవాటూ ఉన్నది. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం తీసుకొన్నవారికి ఆ పాఠం మరల ఎదురవుతుంది. గణితమో వాణిజ్యశాస్త్రమో తీసుకొన్నవారికి అదీ లేదు. వారికి శరీరం లేదా?

శరీర ధర్మాలతో పాటు హక్కులూ పాఠంలో ఉండాలి. బాల్యంలో జరిగిన వివాహాన్ని, మైనారిటీ తీరిన రెండేళ్ళలోపు న్యాయస్థానానికి వెళ్ళి రద్దు చేయించుకోవచ్చునని 2006 చట్టం చెబుతున్నది. అవాంఛిత స్పర్శ మొదలు అత్యాచారం వరకు అన్నింటి నుండి పద్ధెనిమిదేళ్ళ లోపు బాలబాలికలకు 2012 నాటి పోక్సో చట్టం రక్షణ ఇస్తుంది. 2017లో సుప్రీంకోర్టు, పద్ధెనిమిదేళ్ళు నిండని భార్య విషయంలోనూ బలవంతానికి భర్తకు మినహాయింపు లేదని తీర్పు చెప్పింది. 1098కి ఫోన్ చేస్తే పెళ్ళిపీటల దాకా వచ్చిన వివాహాన్నయినా ఆపడానికి అధికారులు వస్తారు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే, వేసవి ముహూర్తాలలో పెళ్ళయి, కళాశాల తెరిచేనాటికి తిరిగి రాని అమ్మాయికి వీటిలో ఒక్కటైనా తెలిసి ఉంటుందా? ఆమె పక్కన కూర్చొన్న స్నేహితురాలికైనా తెలిసి ఉంటే, ఆ ఫోన్ ఎవరో ఒకరు చేసేవారే.