గదిలోని తాళవృక్షము

నేడు సభలలో పూలదండలకు బదులు మొక్కల కుండీలు బహూకరించుట ఆచారమగుచున్నది. హర్షింపదగిన మార్పే. కాని ఆ కుండీ ఇల్లు చేరిన పిమ్మట దాని గతి ఏమైనదో విచారించువారు అరుదు. ముఖ్యముగా అరేకా పామ్ వంటి తాళజాతి మొక్కలు చీకటి మూలలలో అలంకార వస్తువులై, కొలది మాసములలోనే వాడి, పెరటి గోడ ప్రక్కకు చేరుచున్నవి.

ఇందుకు మన దురభిప్రాయమొకటి కారణము. ఈ మొక్కలు గదిలోని గాలిని శుభ్రపరచునన్న ప్రచారమునకు ముఖ్యాధారము 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వెలువరించిన పరిశోధన. అది గాలి చొరరాని చిన్న పెట్టెలలో జరిగినది. మన ఇండ్లు అట్టివి కావు. ఇట్టి పరిశోధనలను 2019లో సమీక్షించిన శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము, ఇంటిలోనికి వచ్చిపోవు గాలి చేయు పనిని మొక్కలు చేయవలెనన్నచో చదరపు మీటరునకు 10 మొదలు 1000 మొక్కలు వలయును. కిటికీ తెరచుట అంతకన్న సులభము గదా! యంత్రమని తలచి తెచ్చిన దానిని జీవియని ఎవరు గుర్తింతురు?

అరేకా జన్మస్థానము మడగాస్కర్ ద్వీపము. పార్లర్ పామ్ మెక్సికో, గ్వాటెమాలా అడవులలో పెద్దచెట్ల నీడను పెరుగును. కిటికీ చెంతనుండు మంచి వెలుతురు వీనికి హితము. నీడకు అలవాటుపడిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో నుంచిన ఆకులు మాడును. వేళ్ళకు నీటితోపాటు గాలియు అవసరమే. కావున కుండీకి అడుగున రంధ్రముండవలెను. క్రింది పళ్ళెములో నీరు నిలువరాదు. మన బోరుబావుల నీటిలోని లవణములు మట్టిలో పేరుకొన్నను ఆకుల కొనలు ఎండును. వాననీరు శ్రేష్ఠము. మరియొక ముఖ్య విషయము: వేపకొమ్మ నరికిన మరల చిగురించును, తాటికి, కొబ్బరికి వలెనే ఈ మొక్కల కాండమునకు మొవ్వు ఒక్కటే ప్రాణము. అది తెగిన ఆ కాండము మరి పెరుగదు.

ఏకదళబీజమునకు ఉదాహరణముగా తాటిచెట్టును వ్రాసి మార్కులు పొందు విద్యార్థి, ఒక్కసారియైనను కుండీమట్టిలో వ్రేలుంచి తడి చూచెనా? ఆ అవకాశము కల్పించుట ఉపాధ్యాయుల చేతిలోనున్నది. తరగతికొక కుండీ చాలును. అయితే నలుబదిమంది బాలురు నలుబది చెంబుల నీరు పోసిన ఆ మొక్క వారము దాటదు. వారమునకొక్కరికి బాధ్యత నప్పగించి, పైమట్టి అంగుళము లోతున ఆరినదో లేదో చూచి, ఆరనినాడు చెంబు దించి వెనుకకు మరలుట నేర్పవలెను. పోయుటకన్న పోయకుండుట కష్టము. ఎదుటి జీవికి ఏమి కావలయునో తెలిసికొనకుండ చూపు ప్రేమ దానికి అపకారమే చేయును. ఈ పాఠము వృక్షశాస్త్రమునకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఇకముందు సభలో మొక్కను బహూకరించువారు దానితో ఒక చీటీ కూడ నీయవలెనని నా మనవి. దాని పేరు, దాని పుట్టినచోటు, దానికి వలయు వెలుతురు, నీరు — ఈ నాలుగు మాటలు లేనినాడు మనము బహూకరించినది మొక్కను కాదు, నాలుగు నాళ్ళ అలంకారమును మాత్రమే.