పోలికల పీడ

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన మరునాడు తిరుపతి వీథులలో నడచువారికి ప్రతి కూడలియందును పిల్లల ముఖములే కానవచ్చును. ఎత్తైన పటములు, వానిపై వెయ్యికి ఇన్నియని అంకెలు. ఆ పటములకెక్కిన బాలబాలికలను మేమును అభినందింతుము. కాని వాని క్రిందుగా తలవంచుకొని ఇంటికి బోవు పిల్లవాని సంగతి విచారించువారెవరు?

1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలయు, 1954లో విశ్వవిద్యాలయమును వెలసిన నాటినుండి పీలేరు, పుంగనూరు, సత్యవేడు ప్రాంతముల రైతుబిడ్డలకు తిరుపతి విద్యాద్వారమైనది. నేడు ఆ ద్వారమునొద్దనే అనేక ప్రైవేటు కళాశాలలు తూనికత్రాసును వ్రేలాడదీసినవి. వారమునకొక పరీక్ష, పరీక్షనుబట్టి సెక్షను, సెక్షనునుబట్టి అధ్యాపకుడు, గోడమీద అందరును చూచునట్లు వరుససంఖ్య!

పల్లెబడిలో ప్రథముడుగా నుండిన బాలుడొకడు ఇట్టి సెక్షనులో చేరి ముప్పదవవాడగుననుకొందము. వాని తెలివి తరుగలేదు, నేర్చిన గణితము మరచిపోలేదు. మారినది ప్రక్కన కూర్చున్నవారు మాత్రమే. అయినను తాను మందుడనను తలంపు వానిని క్రమ్ముకొనును. ఇది మా ఊహ కాదు. తన్ను కొలుచుకొనుటకు వేరు కొలబద్ద లేనప్పుడు మనుష్యుడు తోడివారితో పోల్చుకొనునని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు లియాన్ ఫెస్టింగరు 1954లో సిద్ధాంతీకరించెను. సమాన ప్రతిభగల ఇరువురిలో, మేటివిద్యార్థులనే ఏరి చేర్చుకొను పాఠశాలలోనివాడు తన శక్తిని తక్కువగా నెంచుకొనునని హెర్బర్టు మార్ష్ 1980వ దశకమున నిరూపించెను. ఇక ప్రథముడైనవాడు సుఖియా? వచ్చువారము స్థానభ్రంశమగునేమోయను భయమున వానికిని నిద్రపట్టదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో ఈ దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది. ఇన్ని మరణములకును పోలికయొక్కటే కారణమని మేమనము. ఒక్క ప్రాణము పోవుటకు పెక్కు కారణములుండును. కాని తెలిసి తెలిసి పెట్టుచున్న బాధను తొలగించుటకు ఇంకెన్ని లెక్కలు కావలెను?

నేరమంతయు కళాశాలలదే యనుట న్యాయము కాదు. పెదనాన్నగారి కొడుకునకు వచ్చిన మార్కులను అన్నము వడ్డించుచు వినిపించునది ఇంటివారే. బంధువుల బిడ్డల విజయములు చేతిలోని ఫోనులో గడియకొకటి ప్రత్యక్షమగుచుండగా ఈ చెప్పుట మరింత హెచ్చినది. చిత్తూరు సీమ రైతునకు తోటలో ఈ పొరపాటు లేదు. బేనీషా కోతకు వచ్చినప్పుడు తోతాపురి ఇంకను పచ్చిగానుండుట చూచి ఆ చెట్టునెవ్వడును నిందింపడు. రసపు కర్మాగారములకు వలసినది ఆ తోతాపురియే యని వానికి తెలియును. ఆ రైతే ఇంటికి వచ్చి కొడుకును మేనల్లునితో తూచును!

ఈ విషయమున మార్గము చూపినవాడు మన సీమవాడే. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యమున ఉపాధ్యాయులచే మందబుద్ధియని యెంచబడెను; లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో పలుమారులు తప్పెను. ఒక బాలుని వేరొకనితో పోల్చుట హింసయే యని ఆయన జీవితాంతము బోధించెను. మదనపల్లె చేరువనే ఆయన నెలకొల్పిన ఋషివ్యాలీ పాఠశాల పోటీని చదువునకు చెర్నకోలగా వాడలేదు. అచ్చటి పిల్లలును చివరకు బోర్డు పరీక్షలు వ్రాయుచునే యున్నారు. అది వసతిగలవారి పాఠశాల యని కొందరనవచ్చును. నిజమే, కాని గోడమీద వరుససంఖ్యను అంటింపకుండుటకు ధనమేమి కావలెను?

పదవ తరగతి ర్యాంకుల ప్రకటనలను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022లో నిషేధించినది. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన ఒక బాలిక 2023లో మరణించినదానిపై నడచిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు 2025 జూలై 25న ఇంకను ముందునకు బోయినది. మార్కులనుబట్టి విద్యార్థులను విడదీయరాదనియు, పదిమందిలో అవమానింపరాదనియు, నూరుగురికి తక్కువకాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు మానసిక సలహాదారుని నియమింపవలెననియు ఆదేశించినది. తగిన శాసనము వచ్చువరకు ఈ ఆజ్ఞలే చెల్లునవి. తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులు కళాశాలలను స్వయముగా తనిఖీచేసి, అమలు జరిగినదెచ్చటనో జరుగనిదెచ్చటనో ప్రజలకు ప్రకటింపవలెనని కోరుచున్నాము.

మనస్సు కలతచెందిన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా సలహా లభించును. ఇక బిడ్డను చేర్చబోవు తండ్రి కార్యాలయమున మూడు ప్రశ్నలడుగవచ్చును: ఇచ్చట ర్యాంకులనుబట్టి సెక్షనులున్నవా? మార్కులు గోడకెక్కునా? సలహాదారుడెవరు, ఏ గదిలోనుండును? సరియైన బదులు రానిచో రుసుము చెల్లింపక వెనుదిరిగి రావచ్చును.