పోర్టు నంబరు ఒక్కరి తలలోనే ఉంటే ఎట్లా?

అక్టోబరు చివర్లో సీక్యూ వరల్డ్‌వైడ్ వాయిస్ కాంటెస్టు. మనకు శనివారం తెల్లారి 5:30కి మొదలు, 48 గంటలు. పోయినసారి నాట్రంపల్లిలో మొదటి రెండు గంటలు ఏం చేశామో గుర్తుందా? రేడియోకీ లాగింగ్ సాఫ్ట్‌వేర్‌కీ మాట కలవక తలలు పట్టుకున్నాం.

కారణం చిన్నదే. ఎవరో యూఎస్‌బీ అడాప్టరు తీసి పక్క రంధ్రంలో పెట్టారు. కామ్ 3 కాస్తా కామ్ 7 అయింది. ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషీ ఆంబూరులో పెళ్లికి పోయాడు! బ్యాండు చేత్తో కొట్టాం. 15 మీటర్లలో మాట్లాడి 20 మీటర్లని రాసినవి వృథా.

కొత్త కంప్యూటరు కొనాలంటున్నారు కొందరు. నేనొప్పుకోను. డివైస్ మేనేజర్‌లో, ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నంబరు మనమే ఖాయం చేయొచ్చు. బాడ్ రేటు రేడియో మెనూలో ఉన్నదే ఇక్కడా ఉండాలి. ఒక పోర్టును మామూలుగా ఒక ప్రోగ్రామే వాడగలదు, రెండోది మూసేయాలి. ఆర్‌టీఎస్, డీటీఆర్ మాత్రం చూసి పెట్టండి. తప్పితే సాఫ్ట్‌వేరు తెరవగానే రేడియో తనంతట తానే ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది.

ఇదంతా చీటీ మీద రాసి గోడకు అంటించాలి. కాంటెస్టు ముందు శుక్రవారం సాయంత్రం నేనొస్తా. ఈసారి మౌస్ నేను ముట్టను, కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలే చేయాలి. ఎవరొస్తారో కింద చెప్పండి.