ముగ్గుతోబాటు చుక్కల లెక్క

ఇటీవల మన విద్యార్థులలో ఒక కొత్త అభిరుచి ప్రబలుతున్నది. తమ కంప్యూటరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టంను నెలకొల్పుకొని, దాని తెరను ఇష్టానుసారం అలంకరించుకొని, ఆ అలంకరణను స్క్రీన్‌షాట్‌గా తీసి మిత్రులకు పంపుకొనడమే ఆ అభిరుచి. తెర వెనుక వేసే చిత్రం, అనగా వాల్‌పేపరు, కిటికీల అంచుల రంగు, గుర్తుల ఆకారం, అక్షరాల తీరు, గడియారం ఉండవలసిన చోటు ఇవన్నీ వారికి గొప్ప చర్చనీయాంశాలు. పెద్దలలో కొందరు దీనిని వట్టి కాలక్షేపమని తీసివేస్తున్నారు. వారితో మేము ఏకీభవించలేము. అట్లని విద్యార్థులు ఇప్పుడు చేస్తున్నంతే చాలునని కూడా మేము భావించడం లేదు.

2001లో విండోస్ ఎక్స్‌పీ వెలువడినప్పుడు దానితోబాటు ఒక పచ్చని కొండ, దాని పైన నీలాకాశం మన ఊళ్ళకు వచ్చాయి. 1996లో చార్లెస్ ఓరియర్ అనే ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో తీసిన చిత్రమది. చిత్రం చక్కనిదే. కాని ప్రపంచమంతటా కోట్లాది తెరలపై అదే కొండ ఉండగా, దానిని మార్చవచ్చునన్న ఊహయే చాలామందికి కలుగలేదు. యంత్రం మనది, దాని ముఖం మాత్రం మరెవరిదో. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో లినస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్స్ కెర్నెల్ ఈ స్థితిని లోపలినుండి మార్చాయి. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ ప్రారంభమైన తరువాత ఒకే సిస్టంకు అనేక ముఖాలు ఏర్పడి, ఎంపిక వాడుకరి చేతికి వచ్చింది. తెర రంగు మార్చిన విద్యార్థి ఈ యంత్రం తన మాట వింటుందని మొదటిసారిగా తెలుసుకుంటున్నాడు. ఇది చిన్న విషయం కాదు.

అయితే పంచుకొనడంలోనే లోపం కనబడుతున్నది. సంక్రాంతి నెలలో మన వీధులలో ముగ్గులు వేసే ఆడపడుచులు ఎదురింటి ముగ్గును మెచ్చుకొని ఊరుకోరు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, సరిచుక్కా సందుచుక్కా అని అడిగి కాగితం మీద దించుకుంటారు. రంజాన్ పండుగ ముందురాత్రి మెహందీ నమూనాలు చేతులు మారే తీరు కూడా ఇట్టిదే. లినక్స్‌లోనూ ఈ చుక్కల లెక్క ఉన్నది. ప్రతి వాడుకరికి సొంత హోం ఫోల్డరు ఒకటి ఉంటుంది. అలంకరణకు సంబంధించిన ఆదేశాలు అందులోనే, చాలావరకు మామూలు అక్షరాలతో వ్రాసిన చిన్న ఫైళ్ళుగా ఉంటాయి. ఆ ఫైలు పేరో, దానిని ఉంచిన ఫోల్డరు పేరో చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలైన పేరు సాధారణంగా కంటికి కనబడదు. వీటినే డాట్‌ఫైల్స్ అంటారు. స్క్రీన్‌షాట్ పంపి ఈ ఫైళ్ళు పంపనివాడు ముగ్గు చూపి చుక్కలు దాచినవాడు. అందుకొన్నవాడు ఆ ఫైలు తెరచి, ఒక అంకె మార్చి, ఏమి జరిగినదో చూచినప్పుడే విద్య ప్రారంభమవుతుంది. పంపేముందు మాత్రం వాటిలో సంకేతపదాలు లేకుండా చూచుకోవలెను. తెరమీద ఫాస్ట్‌ఫెచ్ వంటి ప్రోగ్రాము నడిపి స్క్రీన్‌షాట్ తీసేవారు అది వాడుకరి పేరును, కంప్యూటరు పేరును కూడా బయటపెడుతుందని గుర్తుంచుకోవలెను.

ఇక చిత్రాల సంగతి. మేము చూచిన తెరలలో అధికభాగం రాత్రివేళ రంగుదీపాలతో మెరిసే ఏదో మహానగరం, దుకాణాల పైన జపాను అక్షరాలు. ఆ అక్షరాలు మన విద్యార్థులలో ఒక్కరికీ రావు. చిత్రం ఎవరు వేశారన్నది ఆ చిత్రాన్ని పెట్టుకొన్నవారికీ తెలియదు. పేరు పేర్కొని వాడుకొమ్మని క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉదారంగా ఇచ్చిన చిత్రకారుని పేరు కూడా తొలగించి పంచడం దొంగసొత్తు పంచడమే. ఉబుంటు వారు కొత్త విడుదలలకు ముందు సామాన్య వాడుకరుల నుండి చిత్రాలను ఆహ్వానించి పోటీలు నడుపుతూ వచ్చారు. ఎక్కడివారైనా పాల్గొనవచ్చు. 1641 నాటి శ్రీకాకుళం జామియా మసీదు, 1713లో నిర్మాణమారంభించిన విజయనగరం కోట, కళింగపట్నం దీపస్తంభం, తేలినీలాపురం చెట్లపై విడిది చేసే పెలికాన్ పక్షులు మనకు బస్సు దూరంలో ఉన్నాయి. చేతిలో కెమెరా ఫోను ఉన్నది.

అన్నింటికంటె మమ్ము కలవరపెట్టేది అక్షరాల విషయం. తెలుగు, ఉర్దూ రెండూ నేర్పే మన కళాశాల విద్యార్థుల తెరలమీద ఈ రెండు లిపులూ దాదాపు కనబడవు. కారణం అడిగితే అందంగా రావు అంటారు. కొంత నిజమే. టెర్మినల్ కిటికీలో ప్రతి అక్షరానికి సమానమైన గడి కేటాయిస్తారు. ఆంగ్లానికి సరిపోయిన ఆ గడిలో మన 'స్త్రీ', 'లక్ష్మి' ఇమడక ఒత్తులు విడివడి పక్కకు పోతాయి. ఉర్దూ నస్తాలీక్‌లో మాట కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది గనుక ఎక్కువ ఎత్తు కావలెను. సన్నని పట్టీలో పెడితే పైనో క్రిందో తెగిపోతుంది. అందుకని అందరూ ఆంగ్లంలోనే స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఈ లోపం ఎవరికి తెలియవలెను? తెలుగు చదవలేని దూరదేశపు ప్రోగ్రామరుకు, తెరమీద ఏమి వచ్చినదో, ఏమి రావలసి ఉండెనో రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఖతి పేరు, ప్రోగ్రాము సంఖ్య వ్రాసి పంపితే దిద్దడానికి వీలు కలుగుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో అట్టి ఫిర్యాదును ఎవరైనా పంపవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, నోటో కుటుంబంలోని ఉర్దూ నస్తాలీక్ ఖతి ఉచితంగా దొరుకుతున్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. గ్నోమ్, కేడీఈల మెనూలను స్వచ్ఛంద సేవకులు అనువదించారు. వారి శ్రమను వాడి చూచి తప్పులు చెప్పేవారే కరవు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. కంప్యూటరు గదులలో అందరికీ ఒకే ఖాతా ఇచ్చి, ఒకరు మార్చిన తెర మరొకరికి అడ్డమని మార్పునే నిషేధించడం అనేక విద్యాసంస్థలలో పరిపాటి. లినక్స్‌లో ప్రతి విద్యార్థికి వేరు ఖాతా ఇవ్వవచ్చు. ఒకరి అలంకరణ మరొకరిని తాకదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను మోయలేని పాత యంత్రాలను పారవేయనక్కరలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన ముఖంతో లినక్స్ వాటిలో నడుస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఉబుంటు ఆధారంగా తయారైన కైట్ గ్నూ/లినక్స్ నడుస్తున్నది. అక్కడి బడిపిల్లలకు సాధ్యమైనది మన డిగ్రీ విద్యార్థులకు అసాధ్యమా?

వచ్చే వార్షికోత్సవంలో చిత్రలేఖన ప్రదర్శన పక్కనే ఒక బల్ల వేయించి, విద్యార్థుల తెరలను అచ్చువేసి పెట్టవలెనని మా సూచన. ప్రతి తెర క్రింద చిత్రం తీసినవారి పేరు, వాడిన ఖతి పేరు, చుక్కఫైలు ప్రతి ఉండవలెను. తెలుగు ఒత్తు విరిగిన తెరలు, నస్తాలీక్ తెగిన తెరలు కూడా తీసుకోవలెను. వాటిని ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ కలిసి పరిశీలించి, ఏది తప్పో వ్రాసి పంపే బాధ్యత స్వీకరిస్తే బాగుంటుంది.